ఎర్ర రోజులు

కదలదు. ఈ వరస ఇవాళ కదిలేలా లేదు. శనివారం పొద్దున సాంతోస్ ఊరు ఊరంతా గొడుగులూ తువ్వాళ్ళూ కార్లలో కుక్కుకుని కాలవ దాటి గ్వారుజా బీచికి పోతానంటే బల్లకట్టు మాత్రం ఎంతమందిని మోస్తుంది, అనుకుంది జందీరా స్టీరింగు మీద వేళ్ళు బిగించి. ముందు ఒక తెల్ల కారు, దాని ముందు నెత్తిన సర్ఫింగు పలకలు కట్టుకున్న జీపు, ఆ ముందు కార్లే కార్లు, ఎక్కడో చివర డీజిలూ ఉప్పునీళ్ళూ కలిసిన వాసన. కార్లో ఏసీ లేదు. ఉంది, పనిచెయ్యదు. బాగుచేయిస్తా అక్కా, బాగుచేయిస్తా, అని తమ్ముడు ఎవెరాల్దో పోయిన వేసవి నుంచీ అంటున్నాడు, అనడంలో వాడు ఎప్పుడూ లోటు చెయ్యడు, అనడమే వాడి వృత్తి. చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. పక్క సీట్లో లాప్‌టాప్, దాని మీద ఫోను, ఫోనులో తమ్ముడి గొంతు. విన్నదాన్నే మళ్ళీ నొక్కింది, పుండు మీద గోరు పెట్టుకున్నట్టు. "అక్కా, ఎక్కడున్నావే! క్లాసు హాల్లో కుర్చీలు వేసేశారు, కాఫీ ఫ్లాస్కులు కూడా వచ్చేశాయి. చూడు, రెండింటి ఉచిత గడువూ ఇవాళ్టితో ఆఖరు. పచ్చదానికి కట్టెయ్. ఎక్కువ ఆలోచించకు, నువ్వు ఆలోచిస్తే నాకు భయం. బూడిదదాన్ని గోడ మీద వేసి చూపిస్తే జనం కుర్చీల్లోనే గురక పెడతారు. పచ్చదే, సరేనా? ముద్దులు." ముద్దులట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఫోను ఎత్తి వెనక సీట్లోకి విసరాలనిపించింది, విసరలేదు, దాని అద్దం ఇప్పటికే ఒకసారి పగిలింది, అదీ వాడి పుణ్యమే.

రెండూ ట్రేడింగ్ జర్నళ్ళే. షేర్ల ఇండెక్సులో పొద్దున చేసిన ట్రేడ్లని తర్వాత తీరిగ్గా కూర్చుని తిరగేసుకోవడానికి, ఎక్కడ కొన్నాం, ఎక్కడ అమ్మాం, చెయ్యి ఎక్కడ వణికింది, బుర్ర ఎక్కడ పనిచెయ్యడం మానేసింది, అన్నీ మన ముఖం మనకే చూపించే సాఫ్ట్‌వేర్లు. పేర్లు నోరు తిరగక అక్కా తమ్ముడూ రంగులతోనే పిలుచుకుంటున్నారు. పచ్చది ముద్దొస్తుంది. లాభం వచ్చిన రోజు తెర మీద రంగుకాగితాలు ఎగరేస్తుంది, కప్పు బహుమతి ఇస్తుంది, శభాష్ జందీరా అంటుంది. నష్టం వచ్చిన రోజు, అదే వీళ్ళు ఎర్ర రోజు అనేది, అప్పుడు మాత్రం గొంతు తగ్గించి మర్యాదగా అడుగుతుంది, ఈ రోజును నివేదికలో చేర్చమంటారా అని. పక్కనే చిన్న గడి. అందులో టిక్కు తీసేస్తే ఆ రోజు ఇక లేదు, ఆ పొద్దు పొడవలేదు, ఆ పూట నువ్వు సింకు పట్టుకుని నిలబడలేదు. బూడిదది వికారం. నత్తలా తెరుచుకుంటుంది. ఎవరో పరాయి దేశస్థులు చేసినది, పోర్చుగీసులోకి ఎవడో మొక్కుబడిగా దింపాడు, ప్రతి ట్రేడుకీ 'మీ ఆత్మ యొక్క వాతావరణం ఎట్టిది' అని అడుగుతుంది. బ్రోకరు దగ్గర్నుంచి ట్రేడ్లు తనే లాక్కుంటుంది, కొన్న క్షణాన చార్టు ఎలా ఉందో బొమ్మతో సహా. ఒక్క గీత చెరపనివ్వదు. చెరపబోతే వారించదు కూడా, గోడలా ఊరుకుంటుంది.

ఆత్మ యొక్క వాతావరణానికి ఒక జాబితా ఇచ్చాడు ఆ మహానుభావుడు: భయం, ఆశ, విసుగు, పగ, అతి నమ్మకం. ఒకటి ఎంచుకోవాలి. కోపం లేదు. మొదటి రోజు పైకీ కిందకీ ఎంత వెతికిందో, కోపం అనే మాటే లేదు. పగ వేరు కదా, పగ అంటే పోయింది రాబట్టుకుందామని మార్కెట్టు మీద పడటం, అది ఆమెకి తెలుసు. ఈ కోపం మార్కెట్టు మీద కాదు. వంటింట్లో కాఫీ కలుపుతూ తమ్ముడు ఫోన్లో ఎవరికో, "మా అక్కా? ఎర్ర రోజు అంటే ఏమిటో ఎరగదండీ" అని నవ్వుతూ చెప్పడం విని, ఆ తర్వాత వచ్చి చార్టు ముందు కూర్చోవడం. దీన్ని ఏ గడిలో పెట్టాలి? ఎవడు చేశాడో ఆ జాబితా, వాడికి అక్కాతమ్ముళ్ళు లేరు కాబోలు.

ముందు తెల్ల కారు కదిలింది. ఆమె కూడా కదిలింది, కారు పొడవంత, మళ్ళీ ఆగింది. చేపల బజారు గోడ వచ్చింది పక్కకి. ఆ గోడ నీడలో ఒకాయన ఐసుపెట్టె మీద కూర్చుని తాపీగా నారింజపండు వలుచుకుంటున్నాడు, ఆ తాపీతనం మీద కూడా కోపం వచ్చింది ఆమెకి. ఎర్ర రోజు ఎరగదట. ఓడరేవు పక్క కస్టమ్స్ కాగితాల ఆఫీసులో అన్నేళ్ళు కూర్చున్న మనిషి, పెట్టెలో ఏముందో కాగితం మీద అదే ఉండాలి అన్న ఒక్క ముక్క కోసం యజమానులతో తగువులు పడ్డ మనిషి, ఆ ఆఫీసు మూతపడ్డాక వెనక గదిలో బల్ల వేసుకుని, తెర కొనుక్కుని, ఈ పని అక్షరం అక్షరం నేర్చుకున్నది. వాడు వచ్చి చేరాడు. నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, పాత కార్లు అమ్మాడు, ఆరోగ్య బీమా అమ్మాడు, ఆఖరికి అక్కని అమ్మడానికి వచ్చాడు. ఆమె తెర పక్కన కెమెరా పెట్టి, పొద్దున్నే లైవ్ అన్నాడు, ఫోన్లో గుంపు అన్నాడు, క్లాసు అన్నాడు. బాగున్న రోజుల బొమ్మలే గుంపులో పెట్టేవాడు. అడిగితే, "అమ్మ ఏం చేసేదే అక్కా? కాఫీ గోదాములో కూర్చుని నల్ల గింజలు ఏరి పారేసేది కదా? నేనూ అంతే, నల్లవి ఏరేస్తున్నా" అన్నాడు. అప్పుడు లేచి వంటింట్లోకి పోయింది. అమ్మ పేరు తెచ్చేసరికి ఎప్పుడూ అంతే, తగువు అక్కడితో వదిలేస్తుంది, వాడికి ఆ సంగతి తెలుసు, తెలిసే తెస్తాడు. ఇప్పుడొస్తోంది జవాబు, ఈ ఎండలో, వినేవాడు లేనప్పుడు. ఒరేయ్, అమ్మ ఏరిన నల్ల గింజలు వేరే సంచిలో పోసి తూకం వేసేవాళ్ళురా. ఈ బస్తాలో ఇన్ని పోయాయి అని మేస్త్రీ గట్టిగా అరిచి చెప్పేవాడు, దాన్ని బట్టే ధర తగ్గేది. గింజలన్నీ బాగానే పండాయని అమ్మ ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికొస్తే వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి, నిమ్మచెక్కతో రుద్దుకునేది, పోయేది కాదు.

కానీ ఎవరు నేర్పారు వాడికి? ఈ ప్రశ్న దగ్గరే కోపం తోక తిప్పుకుని తన మీదికే వస్తుంది. వాళ్ళు పెరిగిన మేడ ఒక పక్కకి ఒరిగి ఉండేది, బీచి వెంట సగం మేడలు అలాంటివే, మెత్తటి నేల మీద కట్టి కిందికి దిగబడ్డవి. గచ్చు మీద గోళీ వదిలితే కిటికీ వైపు దొర్లుకుంటూ పోయేది. భోజనాల బల్ల కాలికింద అట్టముక్కలు పెట్టి దాని మీద బొత్తాలని వేలితో తోస్తూ బొత్తాల ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఇద్దరూ, ఆమె పెద్దది, మీసం కూడా మొలవని వాడు వాడు. ఎన్ని అట్టలు పెట్టినా బల్ల కొంచెం వాలే ఉండేది, వాడు ఎప్పుడూ ఎత్తు పక్కే కోరుకునేవాడు. అయినా వాడి మీద గోలు పడేది. పడగానే, "అది లెక్క కాదు, నేను ఇంకా సిద్ధంగా లేను" అనేవాడు. కింది పెదవి వణికేది. అమ్మ గోదాము నుంచి వచ్చేసరికి వీడు ఏడుస్తూ కనబడితే మళ్ళీ అదొక గొడవ, సరేలే, లెక్క కాదులే, అని జందీరాయే ఆ గోలుని లెక్కలోంచి కొట్టేసేది. ఎన్ని గోల్స్ అలా కొట్టేసిందో. వాడు గెలిచి బాల్కనీలోకి పరిగెత్తి ఊరందరికీ వినపడేలా అరిచేవాడు. ముద్దుగా ఉండేది చూడటానికి. అదీ అసలు మంట. ఇప్పటికీ వాడు హాల్లో మైకు పట్టుకుని చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే ఎక్కడో ఒక మూల ముద్దుగానే ఉంటుంది.

బళ్ళో దోనా జులైదీ అలా కొట్టేయనిచ్చేది కాదు. వాలీబాల్ కోచ్, గొంతులో సున్నపురాళ్ళు వేసి ఆడించినట్టుండేది. ఓడిపోయిన మాచ్ టేపు పెట్టి మొత్తం చూడమనేది, తలుపు మూసి, ఫాను లేని గదిలో. గెలిచినవి ఎవరింట్లో వాళ్ళు చూసుకోండర్రా, నాకు తీరిక లేదు, అనేది. ఒకసారి తను సర్వీసు వరసగా వలకి కొడుతూ పోయిన ఆట. మొదటిది కొట్టాక తన ముఖం ఎలా మారిందో తెరమీద చూసింది జందీరా, రెండోది కొట్టకముందే పోయిందని అక్కడే తెలుస్తోంది, భుజం పైకెక్కింది, పళ్ళు బిగిశాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ పై వారం సర్వీసు చేసే ముందు భుజం దించింది. అంతే, ఇంకేం చెయ్యలేదు. బంతి దాటింది. అది ఎంత సుఖమో ఎవెరాల్దోకి ఎలా చెప్పడం, చూడగలిగినదాన్ని మార్చుకోవచ్చు అన్న సుఖం, వాడు అటువైపు తలే తిప్పడే.

తల తిప్పని వాళ్ళలో తనూ ఉంది. ఈ పొద్దున దాకా ఉంది. ఉచిత గడువు మొదలైన దగ్గర్నుంచీ బూడిదదానిలో ప్రతి ట్రేడుకీ ఒక గుర్తు తగిలిస్తూ వచ్చింది, ఇది నాది, ఇది వాడిది అని. ఆమె కాఫీకి లేచినప్పుడు వాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని ఒకటీ అరా ట్రేడు కొట్టేవాడు మరి, ఆమె ఖాతాలోనే. ఆ గుర్తుల ప్రకారం విడదీసి చూపించే మీట ఒకటుంది. దాన్ని నొక్కకుండా దాచుకుంది, పండగ మిఠాయిలాగా, సరైన సమయం వచ్చినప్పుడు వాడి ముఖాన వెయ్యాలని, చూడరా, ఎరుపంతా నీ చేతిదే అని. ఇందాక వరస మొదట్లో, ముద్దులు అన్న మాట విన్న మంటలో, నొక్కేసింది. బూడిదది నెమ్మదిగా తిరిగి తిరిగి తెరుచుకుంది. వాడి నష్టాలు గోరు గీరినంత గీతలు. గోతులన్నీ ఆమెవే. ఒక్కొక్కదాన్నే తెరిచి చూసింది, బొమ్మతో సహా. అన్నీ ఒకే పూట పడ్డవి, మంచి ట్రేడు ఒకటి కొట్టి, దాని బొమ్మ వాడు గుంపులో పెట్టి, గుంపంతా చప్పట్ల బొమ్మలు కురిపించాక. మహారాణి జందీరా, మాస్టారి అక్కా మజాకా, అన్నాక. అప్పుడు ఆమె చెయ్యి పెద్దదయ్యేది, రోజూ పెట్టే డబ్బుకి రెండింతలు పెట్టేది. ఇంతకంటే నష్టం వద్దని ముందే గీసుకున్న గీతను కొంచెం కిందికి జరిపేది, ఇంకొంచెం జరిపేది, చివరికి తీసేసేది. ఆత్మ యొక్క వాతావరణం దగ్గర ఆ రోజుల్లో 'ఆశ' అని పెట్టుకుంది, అబద్ధాలకోరు. వాడి ముఖాన వేద్దామనుకున్నది తన ముఖాన పడింది, కోపం తగ్గాలి కదా న్యాయానికి? తగ్గలేదు. రెట్టింపై, దిగే చోటు లేక, ఈ కార్లో కూర్చుంది ఆమెతోపాటు.

హారన్లు మొదలయ్యాయి. కాలవలోకి పెద్ద ఓడ వస్తోంది, ఇనప పెట్టెలు మేడలంత ఎత్తు పేర్చుకుని. అది దాటేదాకా బల్లకట్లు కదలవు. కొబ్బరినీళ్ళ మనిషి బండి తోసుకుంటూ కిటికీ దగ్గర ఆగాడు. ఆమె చెయ్యి హారన్ మీదే ఉంది.

"కొట్టండమ్మా, ఇంకొంచెం గట్టిగా కొట్టండి. ఆ ఓడ కెప్టెను వింటే పాపం వెనక్కి తిప్పుకుని పోతాడు" అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదమ్మా, బోణీగా ఉంది. ఒక కాయ కొట్టమంటారా? ముఖం చూస్తే రెండు పట్టేలా ఉన్నాయి."

ఒకటి కొనుక్కుంది. చల్లగా ఉంది, కోపంగా తాగింది. అందరూ కార్లు ఆపి దిగుతున్నారు. తెల్ల కారులోంచి ఒకామె దిగి, ఒళ్ళు విరుచుకుని, వెనక్కి తిరిగి, కళ్ళు చికిలించి చూసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. పరుగులాంటి నడకతో వచ్చింది.

"మీరు జందీరా గారు కదూ? అయ్యో దేవుడా, మీరే! నేను లూసిమార్‌ని. గుంపులో రోజూ మీకు నమస్కారం పెడతాను, మీరు చూసి ఉండరు లెండి. క్లాసుకే వస్తున్నా నేను కూడా. మీ కారు వెనకాలే ఉందని తెలీక ఇంతసేపూ పాటలు వింటూ కూర్చున్నా, చూశారా!"

నర్సట. మెడలో ఇంకా ఆస్పత్రి గుర్తింపుకార్డు తాడు వేలాడుతోంది, తియ్యడం మరిచిపోయినట్టుంది, జుట్టు గట్టిగా వెనక్కి లాగి కట్టింది, కళ్ళకింద నల్లగా. పొద్దుటి డ్యూటీలు వదులుకుంది, మార్కెట్టు తెరిచే వేళకి ఇంట్లో ఉండాలని. ఇప్పుడు అందరూ వద్దనే డ్యూటీలు చేస్తోంది. చెబుతూనే ఉంది, ఆగకుండా, కిటికీ అంచు మీద మోచేతులు పెట్టి, ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టే. జందీరా వింటోంది, ఆమె గోళ్ళు చూస్తోంది, కురచగా, శుభ్రంగా కత్తిరించినవి.

"ఒక్కటి అడగనా, ఏమీ అనుకోరు కదా? మీరు ఏ జర్నల్ వాడతారు? అది పెట్టుకుంటే నాకూ దారి పడుతుందని. నేను ఊరికే కాయితాల మీద రాసుకుంటున్నా, రాయాలంటేనే సిగ్గుగా ఉంటోంది. అన్నీ ఎరుపే. మీకు ఎర్ర రోజులు ఉండవని మాస్టారు చెబితే మా ఆయన నవ్వాడు. నవ్వకు, ఆమె వేరే రకం మనిషి, నాలో ఏదో లోపముంది, అది కనుక్కోవాలి, అన్నాను. రాత్రి డ్యూటీలో కూడా అదే ఆలోచన. ఏమిటండీ నాలో లోపం?"

నాలో లోపం. ఆ మాట వెళ్ళి నేరుగా ఎక్కడో తగిలింది. ఈమె రోగుల మంచాల మధ్య తిరుగుతూ, మందులు లెక్కపెడుతూ, నాలో లోపం, నాలో లోపం అనుకుంటూ ఉంటుంది, అక్కడ పచ్చదానిలో రంగుకాగితాలు ఎగురుతూ ఉంటాయి. ఎంతమంది ఇలా. గుంపులో చప్పట్లు కొట్టిన ప్రతి చెయ్యీ ఇలాంటి గోళ్ళ చెయ్యే కదా. అనడం వాడి పని, తనకి రాదు. ఫోను తీసి, బూడిదదాన్ని తెరిచి, అది తెరుచుకునేదాకా పళ్ళు బిగించి ఆగి, కిటికీలోంచి ఆమె చేతికిచ్చింది.

"నేను వాడేది ఇది. చూడండి."

లూసిమార్ నవ్వు ముఖంతోనే అందుకుంది. వేలితో పైకి తోసింది. ఇంకా తోసింది. నవ్వు ముఖం మీద ఉండిపోయింది కాసేపు, మరిచిపోయిన గుర్తింపుకార్డులాగే. ఓడ పక్కనుంచి పోతోంది, ఎండని మింగేసింది, నీడ కార్ల మీదుగా జరిగింది.

"ఇది ఎవరిది?"

"నాదే."

"మొత్తం మీదేనా? ఈ ఎరుపంతా?"

"నాదే."

థాంక్స్ చెబుతుందని కాదు, అయినా ఏదో అనుకుంది జందీరా. ఏడుస్తుందేమో, ఊపిరి పీల్చుకుంటుందేమో, అమ్మయ్య నాలో లోపం లేదు అంటుందేమో. లూసిమార్ ముఖం ఎర్రబడింది, మెడ దగ్గర మొదలై చెవుల దాకా.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఎవర్ని చూసి చప్పట్లు కొట్టాను?" గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది. "డ్యూటీలు వదులుకున్నప్పుడు మా హెడ్ నర్సు పిచ్చిదానా అంది. ఆవిడతో మాటలు మానేశాను మీ కోసం. మీ కోసం! మీకు చెప్పాలనిపించలేదా? రోజూ కెమెరా ముందే కూర్చుంటారు కదా, నోరు లేదా మీకు?"

"లూసిమార్ గారూ..."

"తీసుకోండి." ఫోను ఒళ్ళో పడేసి పోయింది. తెల్ల కారు తలుపు గట్టిగా పడింది. ఆమె మెడ వెనక భాగం మాత్రం కనిపిస్తోంది అద్దంలోంచి, నిటారుగా.

నోరు లేదా మీకు. లేదు. అదే నిజం. వాడు అబద్ధం ఆడాడని ఇన్నాళ్ళు మండిపడుతోంది కానీ, వాడు ఆ మాట అంటున్నప్పుడల్లా పక్కనే ఎవరు కూర్చున్నారు, చార్టు కేసి చూస్తున్నట్టు నటిస్తూ, పెదవి చివర చిన్న నవ్వు పెట్టుకుని? పరాయి మనిషి తిడితేగానీ తెలియలేదు. ఆ తిట్టు ఎంత శుభ్రంగా ఉందో. తన కోపం ఇంతసేపూ ఒకచోటే గిరగిరా తిరిగింది, ఆమెది గీత గీసినట్టు వచ్చి తగిలింది. వరస కదిలింది. కాయలో మిగిలిన నీళ్ళు ఒలికి గేరు మీద పడ్డాయి. బల్లకట్టు ఇనప పలకల మీదికి ఎక్కుతుంటే కారు దడదడలాడింది, బల్లకట్టు పనివాడు, ఆరంజి చొక్కా మనిషి, ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అని చేతులాడించి తెల్ల కారు వెనక దాదాపు ఆనించేలా నిలబెట్టాడు. ఇంజను ఆపింది. నీళ్ళు కదిలాయి, ఒడ్డు కదిలింది, ఒరిగిన మేడలు వెనక్కి పోతున్నాయి, దూరం నుంచి చూస్తే ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఊసులాడుకుంటున్నట్టుంటాయి.

ఫోను మోగింది. తీసింది.

"అక్కా! కట్టేశావా? గ్వారుజా రేవు దగ్గరే నిలబడ్డా, నీ కార్లోనే వస్తా, దార్లో మాట్లాడుకుందాం. పచ్చదానిలో ఆ టిక్కులు నేను రాత్రే తీసేశాను, నువ్వు ఊరికే తెరిచి చూపించడమే. మైకు నాది, మౌస్ నీది. నవ్వు ముఖం పెట్టు, నీకు నవ్వు బాగుంటుందే."

"బూడిదదానికి కడుతున్నా" అంది.

"ఏంటి? గాలికి వినపడటం లేదు..."

పెట్టేసింది. గాలిదేముంది. లాప్‌టాప్ తెరిచింది ఒళ్ళో, పచ్చదాన్ని మూసేసింది, మూసేటప్పుడు అది బెంగగా అడిగింది, వెళ్ళిపోతున్నారా జందీరా, మీ కప్పులన్నీ పోతాయి అని. పోనీ. బూడిదది కార్డు నంబరు అడిగింది, ఇచ్చింది, అది చాలాసేపు గింగిరాలు తిరిగింది, కాలవ సగం దాటేదాకా తిరిగింది, ఆఖరికి మీ సమర్పణ స్వీకరించబడినది అంది, అదేదో దేవుడికి కోడిని కోసినట్టు. ఏడాదికి కట్టేసింది. నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. ఇక ఏడాదిపాటు ప్రతి పూటా ఇది తన ముఖం చూపిస్తుంది, చప్పట్ల తర్వాత పెద్దదయ్యే ఆ చేతిని చూపిస్తుంది, చూపించనీ, భుజం దించడం ఒకసారి నేర్చుకున్నది కాదా.

లాప్‌టాప్ మూసి పక్క సీట్లో పెట్టేసరికి అవతలి ఒడ్డున పలక దిగింది. తెల్ల కారు దిగి, పది బారల దూరం పోయి, పక్కకి తీసి ఆగిపోయింది. వెళ్ళిపోతుందనుకుంది జందీరా, వెళ్ళలేదు. తన కారు పలక దిగుతూండగానే ఎవెరాల్దో ఎదురొచ్చాడు, ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, చంకలో కాగితాల కట్ట, తలుపు తీసుకుని పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాడు. సెంటు వాసన కారంతా నిండింది.

"పద పద, జనం వచ్చేశారు. పచ్చదే కదా?"

"చెప్పాను కదా, బూడిదది. ఏడాదికి."

నవ్వాడు మొదట. ఆమె ముఖం చూసి ఆపాడు. కాగితాల కట్ట మోకాళ్ళ మీద సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు.

"హాల్లో అది చూపిస్తే ఒక్కడు మిగలడే. నీకు తెలుసా?"

"తెలీదు. పోతే పోతారు."

"నీకేం, నువ్వు రేపు మళ్ళీ ఏదో ఆఫీసులో కాగితాలు రాసుకుంటావు. నాకు వేరే పని ఏదీ చేతకాదే అక్కా." ఈ మాట మైకు గొంతుతో అనలేదు. కిటికీ బయటికి చూస్తూ అన్నాడు, చిన్నగా. కింది పెదవి, చిన్నప్పటిలాగే.

వచ్చేసింది, ఆ పాత మెత్తదనం, సరేలే అనే మాట నాలిక చివరి దాకా వచ్చి నిలబడింది. దాన్ని చూసి ఆమెకి వచ్చినంత కోపం ఆ పొద్దుటి నుంచీ దేని మీదా రాలేదు. తాళం తిప్పి ఇంజను ఆపేసింది. పలకకి అడ్డంగా, వెనక బల్లకట్టు నిండా కార్లు ఉండగా.

"ఏం చేస్తున్నావే? వెనక ఎన్ని కార్లున్నాయో చూశావా?"

"చూశాను."

హారన్లు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ. ఆరంజి చొక్కా మనిషి ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. అటు నుంచి లూసిమార్ నడిచి వస్తోంది, తొందర లేకుండా, చేతులు కట్టుకుని. ఎవెరాల్దో ఆమెని గుర్తుపట్టలేదు, ఎలా గుర్తుపడతాడు, వాడి గుంపులో ఆమె ఒక చప్పట్ల బొమ్మ.

"ఆవిడ పేరు లూసిమార్. నీ స్టూడెంటు. రాత్రి డ్యూటీ చేసి వస్తోంది. కిటికీ దించి ఆవిడకి చెప్పు."

"ఏం చెప్పను?"

"నీకు తెలుసు. చెప్పేదాకా కారు కదలదు. హాల్లో నువ్వు మైకు పట్టుకుంటావు, మైకు ఉంటే నీకు మాటలు వస్తాయి. ఇక్కడ చెప్పు."

"అక్కా, పిచ్చి పట్టిందా నీకు? ట్రాఫిక్కువాళ్ళు వస్తారు!"

"రానీ."

లూసిమార్ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. అద్దం మీద కొట్టలేదు. ఎవెరాల్దో అక్క కేసి చూశాడు, ఇంకా సర్దుబాటు చేస్తుందేమోనని. ఆమె ముందుకే చూస్తోంది, దవడ బిగించి. వాడి చెయ్యి మీట మీదికి పోయింది. అద్దం సగం దిగింది, ఎండా హారన్లూ లోపలికి వచ్చిపడ్డాయి.

"మాస్టారూ, నమస్కారం" అంది లూసిమార్.

"నమస్కారమండీ" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్క... అంటే, మా ట్రేడింగులో... ఎర్ర రోజులు కొన్ని ఉన్నాయండీ."

"కొన్నా?" అంది జందీరా, వాడి వైపు తిరగకుండానే.

ఈల వాడు బానెట్టు మీద చేత్తో బాదుతున్నాడు. ఎవెరాల్దో చొక్కా మెడ దగ్గర తడిసిపోయింది. అద్దం మిగతా సగం కూడా దించాడు.

"ఎక్కువ రోజులు ఎర్రవేనండీ" అన్నాడు. "పచ్చవి ఏరి పెట్టింది నేనే."

జందీరా తాళం తిప్పింది. కారు స్టార్టయింది. కోపం ఇంకా అలాగే ఉంది, గుండెల మీద బరువుగా, వేడిగా. గేరు వేసి, మెల్లిగా, లూసిమార్ పాదాల మీదికి పోకుండా చూసుకుంటూ, ముందుకి నడిపింది.